సేవ, సంసారం, విశ్వాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

సంఘంలో బాధ్యత తీసుకునేటప్పుడూ, ఇంట్లో పెద్ద నిర్ణయం ముందుకొచ్చినప్పుడూ విశ్వాసులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. అన్నిటి వెనకా ఒక ప్రశ్న ఉంది: నేను చేస్తున్న త్యాగం బరువు చివరికి ఎవరి మీద పడుతోంది? ఇష్టపడి మనమే మోస్తే అది త్యాగం. అడక్కుండా ఇంట్లోవాళ్ల నెత్తిన పెడితే ఆ పేరు దానికి చెల్లదు. లేఖన భాగాలు పక్కనే ఇచ్చాం. బైబిలు తెరిచి సందర్భంతో సహా చదవండి.

ఉద్యోగం, పిల్లలు, ఇంటిపని. సేవకు సమయమే దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు, ఇప్పటికే చేస్తున్నదాన్ని సేవగా లెక్కలోకి తీసుకోండి. మంచాన పడ్డ తల్లికి స్నానం చేయించడం వేదిక మీద పాడటం కంటే చిన్న పరిచర్య కాదు. ఏ పనైనా ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని పౌలు రాసింది బోధకులకు కాదు, ఇతరుల ఇళ్లలో చాకిరీ చేసే దాసులకు (కొలొస్సయులకు 3:22-24).

ఆ తర్వాత ఒక వారం పాటు మీ గంటలు రాసుకోండి. వారానికి 168 గంటలు. నిద్ర, పని, ప్రయాణం, వంట, పిల్లల చదువు, ఫోను, అన్నీ దాచకుండా రాయండి. ఖాళీ ఎంత కనబడితే అందులో సగమే సేవకు కేటాయించండి. మిగతా సగం జ్వరాలకూ ఆలస్యాలకూ ఎలాగూ పోతుంది. ఒకే పని, ఒకే రోజు, ఒకే సమయం ఎంచుకుని మూడు నెలలకు మాట ఇవ్వండి. గడువు చెప్పకుండా ఒప్పుకున్న పనిని మానడానికి మొహమాటం అడ్డొస్తుంది, కొనసాగించడానికి ఓపిక ఉండదు. చివరికి చెప్పకుండా మానేసేది అలాంటివాళ్లే.

సేవకు వెళ్తున్నానంటే ఇంట్లో గొడవ. దేవుడు ముందా, ఇల్లు ముందా?

ఈ ప్రశ్నను ఇలా పెట్టుకోవడంలోనే చిక్కు ఉంది. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని "దేవునికి అర్పించేశాం" అని చెప్పి వాళ్లను గాలికొదిలేసే పద్ధతిని యేసు సూటిగా ఖండించాడు (మార్కు 7:9-13). తన ఇంటివారిని చూసుకోనివాడు విశ్వాసాన్ని కాదన్నట్టేనని పౌలు ఇంకా కఠినంగా అన్నాడు (1 తిమోతికి 5:8). ఇంటి బాధ్యత దేవుడు అప్పగించిందే. దానికి ఎదురుగా దేవుణ్నే నిలబెట్టడం సరికాదు.

తండ్రినైనా తల్లినైనా తనకంటే ఎక్కువగా ప్రేమించేవాడు తనకు తగడన్న మాట (మత్తయి 10:37) ఇక్కడ చాలామంది ఎత్తుతారు. ఆ భాగమంతా చదవండి. అక్కడి సందర్భం, యేసును ఒప్పుకున్నందుకు సొంత ఇంటివారే శత్రువులయ్యే పరిస్థితి. "రేపు పిల్లాడికి పరీక్ష, ఈ సాయంత్రం మీటింగుకు వెళ్లకండి" అన్న భార్య మాట హింస కాదు.

కొత్త బాధ్యతకు ఒప్పుకునే ముందు "రేపు చెప్తాను" అనండి. ఇంటికెళ్లి నాలుగు విషయాలు మాట్లాడండి: ఏ రోజు, ఎన్ని గంటలు, ఎంత ఖర్చు, మీరు లేని ఆ సమయంలో ఇంటి పని ఎవరు చేస్తారు. గొడవలు ఎక్కువగా నాలుగోదాన్ని వదిలేయడం వల్లే మొదలవుతాయి. దానికి జవాబు దొరక్కపోతే ఆ బాధ్యత ఈ ఏడాదికి మీది కాదు.

ఉద్యోగం మారాలా, వేరే ఊరు వెళ్లాలా, ఇల్లు కొనాలా? దేవుని చిత్తం ఎలా తెలుస్తుంది?

లేఖనం తేల్చి చెప్పిన విషయాన్ని ప్రార్థనలో మళ్లీ అడగక్కర్లేదు. పనివాళ్ల జీతం ఎగ్గొడితేనే నడిచే వ్యాపారంలో (యాకోబు 5:4) చేరాలా వద్దా అన్నదానికి ఉపవాసం అవసరం లేదు. రెండు దారులూ న్యాయమైనవే అయినప్పుడు అసలు పని మొదలవుతుంది.

నిర్ణయాన్ని కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. "మా భవిష్యత్తు" అని కాదు, "జూన్ లోపు ఈ ఉద్యోగం వదిలి ఆ ఉద్యోగంలో చేరాలా, వద్దా" అని. కింద తెలిసిన నిజాలు రాయండి: జీతం, ప్రయాణానికి పట్టే గంటలు, అప్పుల వాయిదాలు, పిల్లల చదువు, తల్లిదండ్రులకు ఎంత దూరమవుతారు, అక్కడ కలవగల సంఘం ఉందా. తెలియనివి పక్కన వేరే వరుసలో రాసి, ఒక్కొక్కటే కనుక్కోండి. యెరూషలేము గోడ తిరిగి కట్టించిన నెహెమ్యా దినాల తరబడి ఉపవాసముండి ప్రార్థించినవాడే (నెహెమ్యా 1:4). అయినా యెరూషలేము చేరాక మూడు రోజులుండి, రాత్రివేళ తిరిగి, కూలిన గోడను కళ్లారా చూశాకే జనంతో మాట్లాడాడు (2:11-18). ప్రార్థించాం కాబట్టి లెక్కలు అక్కర్లేదనుకోవడం విశ్వాసం అనిపించుకోదు.

తర్వాత ముగ్గురిని సలహా అడగండి. ఒకరు ఆ రంగం తెలిసినవారు, ఒకరు మీ బలహీనతలు ఎరిగిన విశ్వాసి, ఒకరు ఈ నిర్ణయంతో లాభనష్టాలు లేనివారు. ముగ్గురికీ అదే కాగితం చూపించండి. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబితే వచ్చేవి మూడు సలహాలు కావు, మీ కోరికకే మూడు మద్దతులు.

బరువు మోయబోయే ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి. అందరి ముందూ అడిగితే పిల్లలూ వృద్ధులూ "మీ ఇష్టం" అనేస్తారు. దాన్ని అంగీకారం అనుకోవద్దు. "ఇందులో నీకు అన్నిటికంటే కష్టమైంది ఏది?" అని అడిగితే మనసులో మాట బయటికొస్తుంది.

వెనక్కి తీసుకోగల నిర్ణయానికి ఒక వారం చాలు. పెళ్లి, ఆస్తి అమ్మకం, దేశం మారడం లాంటివాటికి కనీసం ఒక నెల తీసుకోండి. "ఈ రాత్రికే చెప్పాలి" అని ఎవరైనా తొందరపెడితే ఆ తొందర ఎవరి అవసరమో చూడండి. నిర్ణయించాక తేదీ, కారణాలు రాసిపెట్టుకుని మూడు నెలల తర్వాత తిరిగి చదవండి.

ఎక్కువగా తప్పులు జరిగే చోట్లు మూడు. బైబిలు ఎక్కడో తెరిచి వేలు పెట్టిన వచనాన్ని జవాబుగా తీసుకోవడం మొదటిది. మంచు ఉన్ని మీదే పడాలి, నేల పొడిగా ఉండాలి అని గిద్యోను దేవుణ్ని పరీక్షించినదాన్ని ఉదాహరణగా పట్టుకుని సూచన కోరడం రెండోది. దేవుడు గిద్యోనుతో స్పష్టంగా మాట్లాడింది ఆ పరీక్షకు ముందే (న్యాయాధిపతులు 6:14, 36-40). ఆ ఉన్ని కథ అతని సందేహాన్నీ, దేవుని ఓర్పునూ చూపిస్తుంది, మనకు పద్ధతి నేర్పదు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: "దేవుడు నాతో చెప్పాడు" అని ఇంట్లో మాట ముగించేయడం. ఆ మాట తర్వాత కాదన్నవాళ్లు దేవుణ్నే కాదన్నట్టవుతుంది. యెరూషలేములో అపొస్తలులూ పెద్దలూ "పరిశుద్ధాత్మకూ మాకూ తోచింది" అని రాయడానికి ముందు ఎంతో చర్చ జరిగింది (అపొస్తలుల కార్యములు 15:7, 28). "ప్రార్థించాక నాకిలా అనిపిస్తోంది, నీకేమనిపిస్తోంది?" అని అడగండి.

భార్యాభర్తలు చెరొక మాట మీద ఉంటే?

ఆగండి. ప్రార్థన కోసం దాంపత్యానికి దూరంగా ఉండటం కూడా ఇద్దరి సమ్మతితో, కొంతకాలానికే అని పౌలు రాశాడు (1 కొరింథీయులకు 7:5). అంత పవిత్రమైన కారణానికే సమ్మతి కావాలంటే డబ్బుకూ ఇంటికీ సేవకూ అక్కర్లేదా?

ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒకరు పది నిమిషాలు చెప్పాలి, రెండోవారు విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని మొదటివారు అనేదాకా తన వాదన ఎత్తకూడదు. తర్వాత స్థానాలు మార్చుకోవాలి. వినకముందే జవాబిచ్చేవాణ్ని సామెతలు 18:13 మూర్ఖుడంటుంది. అప్పటికీ తేలకపోతే చిన్న ప్రయోగం చేయండి, రెండు నెలలు అద్దెకుండి చూడటం లాంటిది. లేదా ఇద్దరికీ నమ్మకమున్న ఒక దంపతుల జంటను కూర్చోబెట్టుకోండి. ఒకరి పుట్టింటివారినో, ఒకరికే స్నేహితుడైన పెద్దనో పిలిస్తే మాట ముందే ఒకవైపుకు ఒరిగిపోతుంది. భర్త శిరస్సు గనుక తేల్చేయాలని అనేవారు ఎఫెసీయులకు 5:25 దాకా చదవాలి. అక్కడ భర్తకున్న ఆజ్ఞ తన్ను తాను అప్పగించుకోవడం.

కానుక ఎంత ఇవ్వాలి? అప్పులున్నప్పుడు దశమభాగం ఇవ్వాలా?

దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, నేటి విశ్వాసికి నియమమా, మాదిరా అన్నదానిపై సంఘాల మధ్య భేదాభిప్రాయం ఉంది. మీ సంఘ బోధ తెలుసుకోండి. ఎవరూ కాదనలేనివి కొన్ని ఉన్నాయి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వడం దేవునికి అంగీకారం (2 కొరింథీయులకు 8:12). సణుక్కుంటూ, బలవంతం మీద ఇవ్వకూడదు (9:7). ధర్మశాస్త్రంలో మూడో ఏటి దశమభాగం సొంత భూమి వాటా లేని లేవీయులకూ పరదేశులకూ అనాథలకూ విధవరాండ్రకూ భోజనమయ్యేది (ద్వితీయోపదేశకాండము 14:28-29). కాబట్టి కానుకలో పేదవాడి వాటా మరిచిపోకూడదు.

అప్పుంటే ముందు వాయిదాలు కట్టండి. ఎదుటివాడికి బాకీ ఉన్న డబ్బును కానుకగా వేస్తే అది వాడి డబ్బు. ఇవ్వడం అలవాటు తప్పకుండా ఆదాయంలో 1 లేక 2 శాతంతో మొదలుపెట్టి, ఒక అప్పు తీరిన ప్రతిసారీ ఒక శాతం పెంచండి. జీతం వచ్చిన రోజే వేరుచేయండి, నెలాఖరున మిగిలేది ఏమీ ఉండదు. కొంత భాగం ముందే ఎవరికీ రాయకుండా ఉంచుకోండి, అనుకోని అవసరం ఎదురైనప్పుడు చేతిలో ఉంటుంది. పేదల కోసం పొలం అంచులు కోయకుండా వదలమన్న ఆజ్ఞ (లేవీయకాండము 19:9-10) వెనక ఉన్న ఆలోచన అదే. ఉద్వేగభరితమైన సభలో పెద్ద మొత్తం ప్రకటించకండి. ఒక రాత్రి గడవనిచ్చి, ఇంట్లో మాట్లాడి, తర్వాత ఇవ్వండి. భార్యకో భర్తకో తెలియకుండా ఇచ్చే కానుక ఇంట్లో అబద్ధంగా మిగులుతుంది.

బంధువు అప్పు అడిగాడు. హామీ సంతకం పెట్టమన్నాడు.

తిరిగి రాకపోయినా ఇల్లు నడిచేంత మొత్తమే ఇవ్వండి, వీలైతే అప్పుగా కాక సహాయంగా ఇచ్చేయండి. హామీ విషయంలో సామెతలు 22:26-27 స్పష్టంగా హెచ్చరిస్తోంది: కట్టలేకపోతే నీ పరుపే తీసుకుపోతారు. ఆ పరుపు మీద మీ పిల్లలు కూడా పడుకుంటారు. సంతకం వద్దనండి, ఆ నెల ఖర్చుకు కొంత ఇవ్వండి.

రోగిని చూడటానికి వెళ్తే ఏం చేయాలి, ఏం మాట్లాడాలి?

ముందు ఫోను చేసి, రావచ్చా, ఎప్పుడు రావాలి అని అడగండి. ఇద్దరికి మించి వెళ్లొద్దు. మీకు జలుబో దగ్గో ఉంటే మానేయండి. లోపలికి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడుక్కోండి. మంచం మీద కాక కుర్చీలో, రోగి మెడ తిప్పక్కర్లేకుండా కనబడేచోట కూర్చోండి. పదిహేను నిమిషాలు చాలు. అలసిన మనిషి మర్యాద కోసం నవ్వుతూ కూర్చోవాల్సి రావడం కూడా శ్రమే. పరీక్షల ఫలితాలు ఆరా తీయొద్దు. "ప్రార్థన చేయమంటారా?" అని అడిగి, ఒప్పుకుంటే రెండు నిమిషాల్లో, మామూలు గొంతుతో చేయండి.

"ఏదో పాపం ఉంటుంది", "విశ్వాసం ఉంటే లేచేవాడివి" అన్న మాటలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మేలే చేశారు (యోబు 2:13). నోరు విప్పి కారణాలు చెప్పడంతో దారి తప్పారు, దేవుడే వాళ్లను తప్పుపట్టాడు (42:7). మందులు మానమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఆనాటి వైద్యమే చెప్పాడు (1 తిమోతికి 5:23), అతనితో ఉన్న లూకా వైద్యుడు (కొలొస్సయులకు 4:14).

"ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే అడిగే భారం వాళ్ల మీదే పడుతుంది. "గురువారం పిల్లల్ని బడి నుంచి నేను తీసుకొస్తాను, సరేనా?" అని అడగండి. రోగి పక్కన రాత్రిళ్లు మేలుకుంటున్నవారిని మరవకండి. వారానికి రెండు గంటలు మీరు అక్కడ కూర్చుని వాళ్లను నిద్రపోనిస్తే పెద్ద సహాయం. చావు జరిగిన ఇంటికి మొదటి వారం అందరూ వస్తారు. మీరు మూడో వారంలో, మూడో నెలలో, సంవత్సరం తిరిగే రోజున వెళ్లండి. ఆ తేదీలు ఇప్పుడే డైరీలో రాసుకోండి.

వృద్ధులైన తల్లిదండ్రుల బాధ్యత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎలా పంచుకోవాలి?

యేసు సిలువ మీద నొప్పిలో కూడా తల్లిని ఏ శిష్యుడు చూసుకోవాలో స్పష్టంగా చెప్పి అప్పగించాడు (యోహాను 19:26-27). మన ఇళ్లలో జరగనిది అలా స్పష్టంగా చెప్పడమే. ఎవరూ ఏమీ అనరు, దగ్గర్లో ఉన్న కూతురి మీదో కోడలి మీదో అంతా పడుతుంది, రెండేళ్లకు ఆమె ఆరోగ్యం పోతుంది.

ముందు అమ్మానాన్నలనే అడగండి: ఎక్కడ ఉండాలనుంది, ఏ సహాయం కావాలి, పరిస్థితి విషమిస్తే ఎలాంటి చికిత్స కోరుకుంటారు. తెలివి చురుకుగా ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. తర్వాత వైద్యుడితో మాట్లాడి పనుల జాబితా రాయండి: స్నానం, మందులు, భోజనం, రాత్రి లేవడం, ఆసుపత్రి, బ్యాంకు కాగితాలు, ఖర్చులు, కాసేపు కబుర్లు. ప్రతి పని పక్కనా ఒక పేరు ఉండాలి. "అందరం" అని రాయొద్దు. దూరాన ఉన్నవాళ్లు డబ్బు పంపి చేతులు దులుపుకోకూడదు. కాగితాల పని, ఫోనులో వైద్యులతో మాట్లాడటం, రోజూ తల్లితో మాట్లాడటం దూరం నుంచి చేయొచ్చు. ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి, దగ్గరుండి చూసుకునేవారికి పూర్తి సెలవు ఇవ్వాలి.

ఆ మనిషికి వారానికి ఒక రోజు విశ్రాంతి తప్పనిసరి. విశ్రాంతి దిన ఆజ్ఞ ఇంటి యజమానితో ఆగలేదు, దాసదాసీలనూ పశువులనూ కూడా పేరుపెట్టి చెప్పింది (నిర్గమకాండము 20:10). ఈ ఏర్పాటును మూడు నెలలకోసారి మళ్లీ చూడండి, ఎందుకంటే వృద్ధుల అవసరం ఒకచోట ఆగదు.

సంరక్షణ గృహంలో చేర్చడం పాపమా అని కొందరు కుమిలిపోతారు. కాదు. ఇంట్లోవాళ్ల చేతకు మించిన వైద్య అవసరం ఉంటే అదే ప్రేమ కావచ్చు. యేసు చెప్పిన కథలో, దారిలో గాయపడ్డవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడు తానే కూర్చుని నెలల తరబడి సేవ చేయలేదు. రెండు దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) ఇచ్చి పూటకూళ్లవాడికి అప్పగించి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు (లూకా 10:35). తిరిగొస్తానన్న మాట అక్కడ ముఖ్యం. చేర్చాక వెళ్లి చూడకపోవడమే తప్పు.

కుటుంబ ప్రార్థన రెండు వారాలకే ఆగిపోతోంది.

నిడివి తగ్గించండి. చిన్నపిల్లలుంటే ఏడెనిమిది నిమిషాలు, పెద్దపిల్లలుంటే పదిహేను. ఏదో ఒక సువార్త నుంచి పది వచనాలు, ఒక ప్రశ్న, ఒక్కొక్కరి నుంచి ఒక వాక్యం ప్రార్థన. నిద్రకు ముందు కంటే భోజనం ముగిసిన వెంటనే నయం, అప్పటికే అందరూ ఒకచోట ఉంటారు. వారానికి నాలుగు రోజులు జరిగితే చాలు. ఆగిపోవడానికి పెద్ద కారణం, పగలు పిల్లలు చేసిన తప్పులను ప్రార్థన పేరుతో తండ్రో తల్లో ఏకరువు పెట్టడం. ప్రార్థన తిట్ల సమయమైతే పిల్లలు దాన్ని తప్పించుకునే దారి వెతుకుతారు.

భర్త (లేదా భార్య) విశ్వాసి కారు. ఎలా మెలగాలి?

కలిసి ఉండటానికి వారు ఇష్టపడితే విడిచిపెట్టొద్దని పౌలు మాట (1 కొరింథీయులకు 7:12-13). వాక్యం లేకుండానే, భార్య నడవడిక వల్ల భర్తను విశ్వాసంలోకి రాబట్టుకోవచ్చని పేతురు అన్నాడు (1 పేతురు 3:1). అంటే దిండు కింద కరపత్రాలు పెట్టడం, పాస్టరు గారిని చెప్పకుండా ఇంటికి పిలవడం లాంటివి మానాలి. ఉమ్మడి డబ్బులోంచి కానుక ఇవ్వాలంటే అడిగి ఇవ్వండి. వారంలో ఎన్ని కూడికలకు వెళ్తారో కలిసి నిర్ణయించుకోండి.

ఇంట్లో కొడుతున్నారు. క్షమించి సహించాలా?

వద్దు. ముందు ప్రాణ రక్షణ: సురక్షితమైన చోటికి వెళ్లండి, గాయాలకు వైద్యం చేయించుకుని రాతపూర్వకంగా నమోదు చేయించండి, చట్టం ఇచ్చే సహాయం తీసుకోండి. క్షమించడం ఒకటి, ప్రమాదంలోకి తిరిగి వెళ్లడం ఇంకొకటి. రాజైన సౌలు ఈటె విసిరితే దావీదు తప్పించుకుని పారిపోయాడు (1 సమూయేలు 19:10). తర్వాత గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు అతన్ని చంపలేదు. సౌలు ఏడ్చి తన తప్పు ఒప్పుకున్నాడు కూడా. అయినా దావీదు అతని వెంట ఇంటికి వెళ్లలేదు, కొండస్థలానికే వెళ్లాడు (24:16-22).

సంఘ పెద్దలకు ఒక మాట. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి రాజీ చేయొద్దు. కొట్టేవాడి ఎదుట ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఆ రాత్రి దానికి శిక్ష పడుతుంది. ఒంటరిగా వెళ్లి తప్పు చూపమన్న మత్తయి 18:15 మెట్టు ఈ పరిస్థితికి కాదు. పిల్లల మీద అఘాయిత్యమైతే సంఘంలో విచారణ పెట్టి కాలయాపన చేయకుండా వెంటనే అధికారులకు తెలపాలి.

సహాయ నిధిని నమ్మకస్తుడైన ఒక్కరే చూసుకుంటే సరిపోదా?

ఎంత నమ్మకస్తుడైనా సరిపోదు. కానుక మోసుకెళ్లేటప్పుడు పౌలు తనతో సంఘాలు ఎన్నుకున్న మనుషులను తీసుకెళ్లాడు, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సక్రమంగా ఉండాలని (2 కొరింథీయులకు 8:19-21). బంధువులు కాని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, అక్కడే అంకె రాసి ఇద్దరూ సంతకం చేయాలి, మరుసటి పనిదినమే బ్యాంకులో వేయాలి. లెక్క రాసేవారూ, డబ్బు విడుదలకు ఆమోదం తెలిపేవారూ వేరువేరుగా ఉండాలి. సహాయం అందుకున్నవారి పేర్లు ఇద్దరు ముగ్గురికి మించి తెలియకూడదు. వాళ్ల ఫొటోలు తీసి పంచొద్దు, ధర్మం రహస్యంగా చేయమన్న మత్తయి 6:2-4 తర్వాత దానికి సాకు లేదు. పంపిణీలో ఒక వర్గానికి అన్యాయం జరుగుతోందన్న ఫిర్యాదు వస్తే ఫిర్యాదు చేసినవారిని సణిగేవారని తోసేయకండి. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్ర విషయంలో అలాంటిదే వస్తే అపొస్తలులు శిష్యుల చేత ఏడుగురిని ఎన్నుకోజేసి వ్యవస్థనే మార్చారు (అపొస్తలుల కార్యములు 6:1-6).

సేవలో అలసిపోయాను. మానేయొచ్చా?

చూసుకోవాల్సిన గుర్తులు: సేవకు వెళ్లేముందు రాత్రి నిద్ర పట్టకపోవడం, సహాయం చేసేవారి మీదే కోపం రావడం, సొంత ప్రార్థన ఆగిపోవడం, ఇంట్లోవాళ్లతో పొడి మాటలు. ఇందులో రెండు మూడు నెల రోజులుగా ఉంటే ఆగాలి. చావాలని కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు ఇచ్చింది రొట్టె, నీళ్లు, రెండుసార్లు నిద్ర (1 రాజులు 19:4-8). దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. రెండు వారాలు బాగా నిద్రపోయినా తేరుకోకపోతే వైద్యుణ్ని కలవండి, కుంగుబాటు జబ్బు కూడా అలసటలాగే కనిపిస్తుంది.

మానేటప్పుడు ఆరు వారాల ముందు చెప్పండి. చేసే పనులన్నీ ఒక పేజీలో రాయండి: ఏ రోజు ఏం చేయాలి, తాళాలు ఎవరి దగ్గర, ఎవరికి ఏ మందు పడదు, ఎవరు ఫోను ఎత్తరు. మొదటి రెండు వారాలు కొత్తవారు మీ వెంట ఉండి చూడాలి, తర్వాతి రెండు వారాలు ఇద్దరూ కలిసి చేయాలి, చివరి రెండు వారాలు వాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉండాలి. ఎవరూ దొరక్కపోతే, ఆ పనిని నెలకు నాలుగుసార్ల నుంచి రెండుసార్లకు తగ్గిస్తామని సహాయం అందుకునేవారికి ముందుగానే చెప్పండి. వాళ్లు వేరే ఏర్పాటు చూసుకోవడానికి సమయం ఉంటుంది.